సాంకేతిక నేపథ్యం లేనివారు ప్రొడక్ట్ మేనేజర్లు కావడం: తెలుగు పరిశోధకుల కోణం నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఇంజనీరింగ్ చదవనివారు సాఫ్ట్‌వేర్ సంస్థల్లో ప్రొడక్ట్ మేనేజర్లుగా మారగలరా అన్న ప్రశ్నను తెలుగు భాషాసాహిత్యాల్లో పరిశోధన చేసినవారి వైపు నుంచి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ వృత్తి పుట్టుకను, పని స్వరూపాన్ని క్లుప్తంగా వివరించి, క్షేత్రపర్యటన, వ్యాకరణజ్ఞానం, రచనాభ్యాసం ఈ రంగంలో ఎంతవరకు ఉపకరిస్తాయో చిన్న వ్యాపారుల పద్దుల యాప్ ఉదాహరణతో చర్చిస్తుంది. పరిశోధకునికి అసలు అడ్డంకి కోడింగ్ రాకపోవడం కన్నా, నిరూపణ దగ్గరే ఆగిపోయే అలవాటని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్, వృత్తి మార్పు, క్షేత్రపర్యటన, భాషా సాంకేతికత, మాండలిక వృత్తి పదకోశం, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం

తెలుగు శాఖల్లో పరిశోధన పూర్తిచేసినవారి ఎదుట సాధారణంగా కనిపించే దారులు మూడు: కళాశాల అధ్యాపకత్వం, పత్రికారంగం, పోటీ పరీక్షలు. మొదటి దారిలో శాశ్వత నియామకం కోసం ఎదురుచూపు ఏళ్ళ తరబడి సాగుతుంది. ఈలోగా ఒప్పంద, అతిథి అధ్యాపక పదవుల్లోనే నలభయ్యో పడి వచ్చేస్తుంది. నేను ఏడేళ్ళు ఒప్పంద అధ్యాపకుడిగా పనిచేశాను. ఆ తరువాత చిన్న దుకాణదారుల కోసం పద్దుల యాప్ తయారుచేసే ఒక సంస్థలో తెలుగు అనువాద సమీక్షకుడిగా చేరి, మూడేళ్ళకు అక్కడే ప్రొడక్ట్ మేనేజర్‌నయ్యాను. అప్పటినుంచి పూర్వ విద్యార్థులు, సహాధ్యాయులు నన్ను రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. కోడింగ్ రాకుండా అక్కడ ఎలా నెగ్గుకొస్తున్నారు? పీహెచ్.డి. వృథా అయినట్టేనా? ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నలకు సమాధానం వెతికే ప్రయత్నం.

ముందుగా పదం గురించి ఒక మాట. ‘ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్’ను కొందరు ‘ఉత్పత్తి నిర్వహణ’ అని అనువదిస్తున్నారు. ఈ అనువాదం దారి తప్పిస్తుంది. తెలుగులో ఉత్పత్తి అంటే తయారుచేసే క్రియ కూడా, తయారైన వస్తువు కూడా. వాణిజ్యశాస్త్రంలో ఉత్పత్తి నిర్వహణ అనగానే కర్మాగారం, ముడిసరుకు, కార్మికుల పనివేళలు గుర్తుకు వస్తాయి. ప్రొడక్ట్ మేనేజర్ వస్తువును స్వయంగా తయారుచేయరు. ఏది తయారు కావాలి, ఎవరి కోసం, మిగిలినవాటి కన్నా ముందు ఇదే ఎందుకు అన్న విషయాలను తేల్చి, ఆ తీర్పు ఫలితానికి జవాబుదారీగా నిలుస్తారు. పని గడువులోపల పూర్తయ్యేలా చూసే ప్రాజెక్టు మేనేజర్ వేరు. సరైన తెలుగు పదం స్థిరపడేవరకు ఆంగ్లపదాన్నే తెలుగు లిపిలో వాడుకోవడం మేలని భావించి ఈ వ్యాసంలో అలాగే వాడుతున్నాను.

2. సబ్బుల వ్యాపారంలో పుట్టిన వృత్తి

ఈ వృత్తి కంప్యూటర్లతో పుట్టలేదు. 1931 మే 13న అమెరికాలోని సిన్సినాటి నగరంలో, ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ ప్రచార విభాగంలో పనిచేస్తున్న నీల్ మెకెల్‌రాయ్ తన పైఅధికారులకు మూడు పుటల లేఖ రాశారు. తన విభాగానికి అదనంగా ఇద్దరు మనుషులు కావాలన్నది అందులోని అభ్యర్థన. ఆయన చూస్తున్న కేమే సబ్బుకు బయటి కంపెనీల సబ్బులతోపాటు సొంత సంస్థ వారి ఐవరీ సబ్బు కూడా పోటీగా ఉండేది. ఒక్కొక్క సబ్బు బాగోగులను మొదటినుంచి చివరివరకు చూసుకునే ఒక మనిషి ఉండాలని ఆయన వాదించారు. ఆ మనిషి అమ్మకాల లెక్కలు చూడాలి. అమ్మకం మందగించిన ప్రాంతానికి స్వయంగా వెళ్ళి వర్తకులను, కొనుగోలుదారులను కలవాలి. లోపమెక్కడో కనిపెట్టి, దాన్ని సరిదిద్దే ప్రణాళిక రాయాలి. ఆ ప్రణాళిక ఫలితాన్ని తిరిగి అంకెల్లో చూపాలి. మెకెల్‌రాయ్ హార్వర్డ్‌లో అర్థశాస్త్రం చదివినవారు. సబ్బు తయారీలోని రసాయనశాస్త్రంతో ఆయనకు పని పడలేదు. (తరువాతి కాలంలో, 1957 నుంచి 1959 వరకు, ఆయన అమెరికా రక్షణమంత్రిగా ఉన్నారు. ఇంటర్నెట్‌కు ముందురూపమైన అర్పానెట్‌కు నిధులిచ్చిన పరిశోధన సంస్థ 1958లో ఏర్పడింది ఆయన హయాంలోనే. సబ్బులకూ సాఫ్ట్‌వేర్‌కూ మధ్య ఈ చుట్టరికం యాదృచ్ఛికమే అయినా గమనించదగినది.)

ఆ పద్ధతి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చిన మార్గాల్లో ఒకటి స్కాట్ కుక్ ద్వారా వచ్చింది. కుక్ ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్‌లో పనిచేసి వచ్చినవారు. ఇంటి బిల్లులు కట్టడం, లెక్కలు రాయడం ఎంత విసుగో భార్య చెప్పగా విని, ఆ పనికోసం ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేయాలని తలచారు. 1983లో ఆయన, స్టాన్‌ఫర్డ్ విద్యార్థి టామ్ ప్రూ కలిసి ఇన్‌ట్యూట్ సంస్థను స్థాపించారు. క్వికెన్ అనే ఆ సాఫ్ట్‌వేర్‌కు కోడ్ రాసినవారు ప్రూ. ఏ పరిభాష తెరమీద కనిపించకూడదో, ఏ పని ఎంత తేలికగా కావాలో పట్టుబట్టినవారు కుక్. తరువాత ఆ సంస్థ ఉద్యోగులు దుకాణాల్లో నిలబడి, క్వికెన్ కొన్నవారి అనుమతితో వారి ఇళ్ళకు వెళ్ళి, వారు దాన్ని ఎలా వాడుతున్నారో మౌనంగా చూసేవారు. ఇంటి లెక్కలకోసం చేసిన సాఫ్ట్‌వేర్‌ను చాలామంది తమ చిన్న వ్యాపారాలకు వాడుతున్నారని సంస్థ గుర్తించింది. వారికి గణకశాస్త్రం తెలియదు, తెలుసుకోవాలన్న ఆసక్తీ లేదు. వారిని దృష్టిలో పెట్టుకొని 1992లో క్విక్‌బుక్స్ వచ్చింది.

ఇంజనీరింగ్ పట్టా అర్హత ఈ చరిత్రలో తరువాత చేరిన అంశం. గూగుల్ సంస్థలో మరిస్సా మేయర్ 2002లో ప్రారంభించిన సహాయక ప్రొడక్ట్ మేనేజర్ల శిక్షణ పథకం కంప్యూటర్ శాస్త్రం చదివినవారికి పెద్దపీట వేసింది. తక్కిన సంస్థలు ఆ పద్ధతిని చూసి అనుసరించాయి. ఆ కోరిక నిరాధారమైనదేమీ కాదు. ఇంజనీర్ల మాట అర్థం చేసుకోలేనివారు వారికి పని అప్పగించలేరు. అయితే ‘అర్థం చేసుకోవడం’, ‘చేయగలగడం’ రెండూ ఒకటి కావు. ఈ తేడాను 5వ విభాగంలో చూద్దాం.

పని స్వరూపాన్ని వివరించే గ్రంథాల్లో మార్టీ కేగన్ రాసిన ‘ఇన్‌స్పైర్డ్’ బహుళ ప్రచారం పొందింది. కొత్తగా ఏదైనా తయారుచేయబోయేముందు నాలుగు సందేహాలు తీరాలని ఆయన అంటారు. జనం దీన్ని కోరుకుంటారా? వాడుకోగలరా? మన ఇంజనీర్లు తయారుచేయగలరా? సంస్థ వ్యాపారానికి ఇది పొసగుతుందా? నాలుగింటిలో సాంకేతికమైనది మూడవది ఒక్కటే, దానికి జవాబు చెప్పవలసినవారు ఇంజనీర్లు. మొదటి రెండూ మనుషుల గురించినవి. సాహిత్య పరిశోధకునికి చొరవ దొరికేది అక్కడే.

3. పరిశోధకుని చేతిలో ఉన్నది

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో వెలువడింది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. జిల్లాలు తిరిగి, రైతుల నోట, నేతకారుల నోట పదాలను సేకరించి, ఏ పదం ఏ ప్రాంతంలో వినబడుతుందో నమోదు చేసిన కృషి అది. తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విభజించడానికి ఆ సామగ్రే ఆధారమైంది. సాఫ్ట్‌వేర్ సంస్థల్లో ‘యూజర్ రీసెర్చ్’ పేరుతో జరిగే పనికి మన భాషలో ఇంతకన్నా మంచి పూర్వోదాహరణ నాకు కనిపించదు. నాగలిలో ఒక భాగాన్ని చూపించి ‘దీన్ని మీరేమంటారు?’ అని అడగడంలో ఒక క్రమశిక్షణ ఉంది. అడిగేవాడు తనకు తెలిసిన పదాన్ని ముందుగా పలకకూడదు. పలికితే ఎదుటివాడు మర్యాదకోసం ‘ఆఁ, అదే’ అంటాడు, ఆ ఊరి పదం అక్కడితో మరుగున పడిపోతుంది.

జానపద సాహిత్యం సేకరించినవారికి ఈ సంగతి అనుభవంలోనిదే. ‘మీకు ఏయే పాటలు వచ్చు?’ అని అడిగితే ‘మాకేం వచ్చు బాబూ’ అన్న సమాధానం వస్తుంది. నాట్లు వేసేచోట గట్టుమీద కూర్చుంటే పాట దానంతట అదే వినబడుతుంది. కొత్త యాప్ గురించి ‘ఇలాంటిది తయారుచేస్తే మీరు వాడతారా?’ అని అడిగినా జరిగేది ఇదే. చాలామంది వాడతామంటారు. ‘కిందటిసారి అరువు పద్దు ఎప్పుడు రాశారు, ఎక్కడ రాశారు, ఆ పుస్తకం ఒకసారి చూపిస్తారా?’ అని అడిగితేనే పనికివచ్చే జవాబు దొరుకుతుంది.

మేము తయారుచేస్తున్న పద్దుల యాప్‌లో ‘డెబిట్’, ‘క్రెడిట్’ అన్న మాటలకు మొదటి అనువాదకులు ‘ఖర్చు’, ‘జమ’ అని పెట్టారు. నిఘంటువు ప్రకారం తప్పు పట్టడానికి లేదు. కిరాణా కొట్టు యజమాని మాత్రం సరుకు అరువిచ్చినప్పుడు దాన్ని ‘ఖర్చు’ అనుకోడు. ‘ఇచ్చాను’ అంటాడు. డబ్బు చేతికందితే ‘వచ్చింది’ అంటాడు. బ్యాంకు ఖాతాలోకి చేరితే ‘పడ్డాయి’, ఖాతాలోంచి పోతే ‘కట్ అయ్యాయి’. వాడుకలో పదును తేరిన ఈ నాలుగు క్రియలు తెరమీదికి వచ్చాక, యాప్ నేర్పడానికి తయారుచేసిన వీడియో అవసరం చాలావరకు తగ్గిపోయింది. ఇందుకు కావలసిన నేర్పు వ్యావహారికభాషా వాదం చదువుకున్నవారికి కొత్తది కాదు.

రచనాభ్యాసం కూడా ఇక్కడ అక్కరకు వస్తుంది. ప్రొడక్ట్ మేనేజర్ చేసే పనిలో అధికభాగం రాతే. సమస్య ఏమిటి, ఆధారాలేమిటి, ఏం చేయదలిచాం, ఏం చేయబోవడం లేదు అని రెండు మూడు పుటల్లో రాసి పదిమంది ముందు పెట్టాలి. సిద్ధాంతగ్రంథం రాసినవారు ఇందులో మొదట తడబడేది నిడివి దగ్గర. పూర్వపరిశోధనల సమీక్షకు ఇక్కడ చోటు లేదు.

4. నిరూపణ నుంచి నిర్ణయానికి

సంస్థలో చేరిన రెండో నెలలో నేను యాప్‌లోని తెలుగు దోషాలపై పద్నాలుగు పుటల నివేదిక రాశాను. ప్రతి దోషాన్నీ వర్గీకరించి, సూత్రం చూపి, సవరణ సూచించాను. నా ఉద్యోగజీవితంలో అంత శ్రద్ధగా రాసినది మరొకటి లేదు. సమావేశంలో దాన్ని తిరగేసిన అప్పటి ప్రొడక్ట్ మేనేజర్ ఒకే ప్రశ్న అడిగారు: ‘ఈ నెలలో వీటిలో ఏ రెండు చేద్దాం?’ నా దగ్గర జవాబు లేదు. అన్నీ తప్పులే కదా, అన్నీ దిద్దాలి కదా అన్నాను. ఆమె నివేదికను మూసి, తరువాతి విషయానికి వెళ్ళిపోయారు. ఆ నివేదిక మళ్ళీ ఎవరూ తెరవలేదు. చాలాకాలం అది భాష పట్ల నిర్లక్ష్యమేనని బాధపడ్డాను. ఇప్పటికీ అందులో కొంత నిర్లక్ష్యం ఉందనే అనుకుంటాను. కానీ ఆ ప్రశ్న సరైనది.

ఆ నివేదికలో మొదటి స్థానంలో నిలిచిన దోషం ‘1 మంది మీకు బాకీ ఉన్నారు’ అన్న వాక్యం. తెలుగులో మనుషులను లెక్కించే తీరు వేరు: ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు. ‘ఒక మంది’ అని ఎవరూ అనరు. ప్రపంచ భాషల లెక్కింపు నియమాలను సాఫ్ట్‌వేర్లకు అందించే యూనికోడ్ వారి సీఎల్‌డీఆర్ దత్తాంశంలో తెలుగుకు ఏకవచనం, బహువచనం అనే రెండు విభాగాలే ఉన్నాయి. మనుషులకూ వస్తువులకూ ఉన్న భేదానికి అందులో చోటు లేదు. రెండవది ‘కు’, ‘కి’ ప్రత్యయాల గొడవ. బాలవ్యాకరణం చదివినవారికి తెలిసినదే: ఇకారాంతాల మీద ‘కి’, తక్కినచోట్ల ‘కు’. యాప్ మాత్రం ఏ పేరు వచ్చినా దాని వెనుక ‘కు’ తగిలించి ‘రవికు’, ‘లక్ష్మికు’ అని చూపేది. మూడవది లింగవచనాలది. ‘చెల్లించాడు’, ‘చెల్లించింది’, ‘చెల్లించారు’ అన్న మూడింటిలో ఏది వాడాలో పేరునుబట్టి యంత్రం తేల్చలేదు.

వీటన్నిటికన్నా సంస్థకు ఎక్కువ నష్టం చేస్తున్న వాక్యం నా నివేదికలో లేనేలేదు. కారణం, అందులో వ్యాకరణదోషం లేకపోవడమే. బాకీదారుకు దుకాణదారు తరఫున వెళ్ళే గుర్తింపు సందేశం అది: ‘తమరు చెల్లించవలసిన బాకీ రూ. 500 వెంటనే చెల్లించగలరు.’ దుకాణదారులు ఆ తెరను తెరుస్తున్నారు గానీ, సందేశం పంపకుండానే మూసేస్తున్నారని లెక్కలు చెబుతున్నాయి. ఎందుకో ఎవరికీ తెలియదు. ‘పంపు’ అన్న మీట చిన్నదిగా ఉందేమోనని దాన్ని పెద్దది చేసి చూశారు. మార్పేమీ రాలేదు. నేను రెండు ఉదయాలు ఒక కిరాణా కొట్టు బల్లమీద కూర్చున్నాను. ఆ కొట్టు యజమానురాలు నా ఎదుటే ఆ సందేశం చదివి, ‘ఇది పంపితే వాళ్ళు మళ్ళీ మా కొట్టు గడప తొక్కరండీ, కోర్టు నోటీసులా ఉంది’ అన్నారు. మరి మీరెలా అడుగుతారని అడిగితే, అడగనన్నారు. ‘ఒకటో తారీఖు దాటాక కనిపిస్తే, పిల్లలు బాగున్నారా అంటాను. వాళ్ళకే గుర్తొస్తుంది.’

మొహమాటం అన్న మాటకు ఆంగ్లంలో సరైన సమానార్థకం దొరకదని అనువాద తరగతుల్లో ఎన్నోసార్లు చెప్పి ఉంటాను. అది ఒక వ్యాపార సమస్యకు కారణం కాగలదని ఆ బల్లమీద కూర్చునేదాకా తోచలేదు. రోజూ కొట్టుకు వచ్చే మనిషిని బాకీ అడగడం బంధాన్ని తెంచే పని. దాన్ని ఆమె ఎవరో ఒకరి మీదికి నెట్టాలనుకుంటున్నారు. అందుకే సందేశాన్ని యాప్ తరఫున వెళ్ళేదిగా మార్చాం. ‘మీ ఖాతాలో ఇప్పటివరకు ఉన్న లెక్క ఇది’ అని సమాచారం ఇస్తున్నట్టు రాశాం. ‘వెంటనే’ తీసేశాం, ‘చెల్లించగలరు’ తీసేశాం. సగంమంది దుకాణదారులకు పాత సందేశం, సగంమందికి కొత్తది యాదృచ్ఛికంగా కేటాయించి కొన్ని వారాలు చూశాం. కొత్తదాన్ని పంపేవారు స్పష్టంగా పెరిగారు. కొందరు దాన్ని కూడా తమ మాటల్లోకి మార్చి పంపుతున్నారని తరువాత తెలిసింది. ఆ మార్పులు చదవడం ఒక భాషాశాస్త్ర పాఠం. ఒకరు ‘అన్నా’ అని, మరొకరు ‘వదినగారూ’ అని మొదలుపెట్టారు.

అప్పుడుగానీ మొదటి సమావేశంలోని ప్రశ్న నాకు అర్థం కాలేదు. ఏది ముందు చేయాలో తేల్చడానికి ఈ రంగంలో వాడే ఒక సూత్రం ఉంది: ఎంతమందికి చేరుతుంది, ఒక్కొక్కరి మీద ప్రభావమెంత, ఈ అంచనాల మీద మనకున్న నమ్మకమెంత అన్నవాటిని గుణించి, చేయడానికి పట్టే శ్రమతో భాగించడం. లెక్కకోసం కొన్ని అంకెలు ఊహించుకుందాం. ‘1 మంది’ వాక్యాన్ని పదివేలమంది చూస్తారు, దానివల్ల ఎవరూ యాప్ మానేయరు, సవరణకు రెండు రోజులు పడుతుంది. గుర్తింపు తెరను ఆరువేలమంది తెరుస్తారు, వారిలో నాలుగున్నర వేలమంది వెనక్కి వెళ్ళిపోతారు, సవరణకు మూడు రోజులు పడుతుంది. ఏది ముందో చెప్పడానికి గుణకారం కూడా అక్కరలేదు. సూత్రం గొప్పతనం జవాబులో లేదు. ప్రతి అంశానికీ ఒక అంకె రాయవలసి రావడంవల్ల, మనకు తెలియనిదేమిటో బయటపడుతుంది. అయితే ఆ అంకెలు తరచుగా పక్షపాతానికి ముసుగు అవుతాయన్నది కూడా నా అనుభవమే. నచ్చిన పనికి నమ్మకం శాతం కాస్త ఎక్కువ వేసుకోవడం ఎవరికైనా తేలికే.

‘రవికు’ సంగతి ఏమైందో కూడా చెప్పాలి. ప్రత్యయాన్ని సరిచేసే ఒక చిన్న వ్యాకరణ యంత్రం తయారుచేయాలని మొదట నేను పట్టుబట్టాను. ఇంజనీరు అడిగినది ఇది: పేర్లను ఆంగ్లలిపిలో దాచుకున్న దుకాణదారుల మాటేమిటి? చివరకు వాక్యాన్నే మార్చేశాం. ‘అందుకున్నవారు: రవి’ అన్నచోట ప్రత్యయమూ లేదు, దోషమూ లేదు. లింగభేదానికి ‘చెల్లించారు’ అన్న గౌరవరూపాన్నే అన్నిచోట్లా వాడాం. చిన్నపిల్లవాడు డబ్బు తెచ్చిచ్చినా ‘చెల్లించారు’ అని కనిపిస్తుంది. కాస్త ఎబ్బెట్టే, కానీ ఎవరినీ నొప్పించదు. వ్యాకరణాన్ని గెలిపించడానికి బదులు వ్యాకరణంతో పని పడకుండా చూడటం పండితునికి ఓటమిలా అనిపించవచ్చు. మొదట నాకూ అలాగే అనిపించింది.

5. ఎంత సాంకేతికత అవసరం?

2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న తెలుగు అక్షరం ఆపిల్ ఫోన్లను స్తంభింపజేసింది. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్‌కు ఆ అక్షరాన్ని ఒక ప్రత్యేక రూపంలో పంపితే, దాన్ని చూపబోయిన సందేశాల యాప్ కుప్పకూలేది. ఫిబ్రవరి 19న వచ్చిన 11.2.6 సంచికతో సమస్య తీరింది. మన కంటికి ‘జ్ఞా’ ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది జ, పొల్లు, ఞ, ఆకారపు గుర్తు అనే నాలుగు సంకేతాల వరుస. ఫోన్లను కూల్చిన రూపంలో వీటి నడుమ కంటికి కనబడని మరొక సంకేతం, అక్షరాలను కలవనీయకుండా ఆపేది, చేరి ఉంది. దాన్ని సరిదిద్దిన కోడ్ రాయడం ఇంజనీరు పని. తెరమీది అక్షరం వేరు, యంత్రం దాచుకున్న సంకేతాల వరుస వేరు అని గ్రహించి, ఏ పరీక్ష తప్పిపోయిందో అడగగలగడం ప్రొడక్ట్ మేనేజర్‌కు కావలసిన స్థాయి.

మా యాప్‌లో ఇదే సమస్య మరో వేషంలో వచ్చింది. ‘లక్ష్మి’ అని రాసుకున్న ఖాతా ‘లక్ష్మీ’ అని వెతికితే దొరకదు. మనకు ఒకే పేరు, యంత్రానికి రెండు వేర్వేరు వరుసలు. హ్రస్వదీర్ఘాలను ఏకంగా చూసే వెతుకులాట పెట్టాలా, అలా చేస్తే వేరే ఏ పేర్లు కలగలిసిపోతాయి, పాత ఫోన్ల మీద అది ఎంత నెమ్మదిస్తుంది? ఈ మూడు ప్రశ్నలు వేయడానికి కోడ్ రాయనక్కరలేదు. ఇచ్చిన జవాబులోని ఇబ్బంది అర్థమైతే చాలు.

నేర్చుకోక తప్పనివి కొన్ని ఉన్నాయి. ఫోనుకూ సర్వర్‌కూ మధ్య సమాచారం ఎలా వెళ్ళివస్తుందో తెలియాలి. దత్తాంశ పట్టికల్లోంచి లెక్కలు తీసే ఎస్‌క్యూఎల్ భాషను మన అవసరాలు తీరేంతవరకు నేర్చుకోవాలి. నాకు అది నాలుగు నెలల సాయంత్రాలు తీసుకుంది. ఛందస్సు నేర్చుకున్నవారికి దాని వాక్యనియమాలు భయపెట్టేవేమీ కావు. నమూనా, సగటు, యాదృచ్ఛిక కేటాయింపు వంటి సాంఖ్యక భావనలు నాకు నిజంగా కష్టమయ్యాయి. సాహిత్య పరిశోధనలో ఒక మంచి ఉదాహరణ దొరికితే వాదం నిలుస్తుంది. ఇక్కడ ఒక్క కొట్టు యజమానురాలి మాట దారి చూపుతుందే గాని, రుజువు కాదు.

కొన్నిచోట్ల ఇంజనీరింగ్ నేపథ్యం లేకుండా అడుగుపెట్టకపోవడమే మంచిది. ఇతర ఇంజనీర్లే వినియోగదారులైన ఉపకరణాలు, క్లౌడ్ మౌలిక సదుపాయాలు, భద్రతా వ్యవస్థలు అటువంటివి. అక్కడ వినియోగదారుని బాధ అర్థం కావాలన్నా ఆ పని చేసి ఉండాలి.

6. ప్రవేశమార్గాలు, వాటి ఖరీదు

నాకు తెలిసినంతలో బయటినుంచి నేరుగా ఈ ఉద్యోగంలోకి వచ్చిన భాషాసాహిత్య విద్యార్థులు అరుదు. ఎక్కువమంది పక్కగది గుండా వస్తారు: అనువాద సమీక్ష, తెరమీది మాటలు రాసే పని, భాషా దత్తాంశ సేకరణ, వినియోగదారుల ఫిర్యాదుల విభాగం. చివరిదాన్ని చిన్నచూపు చూస్తారు గానీ, అక్కడ ఆరునెలలు కూర్చున్నవారికి సంస్థ సమస్యలు ఇంజనీర్లకన్నా ముందే తెలుస్తాయి. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ భాషాసాంకేతిక పరిశోధన కేంద్రం, మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్, 2022లో మొదలైన కేంద్రప్రభుత్వ భాషిణి పథకం వంటివాటివల్ల తెలుగు తెలిసిన మనుషుల అవసరం ఈ రంగంలో కనిపిస్తూనే ఉంది. 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషీయులు 8.11 కోట్లు. వారిలో ఎవరికోసం ఏది తయారుచేయాలో తెలుగులో ఆలోచించి చెప్పగలవారు సంస్థల్లో తక్కువే.

ధ్రువపత్రాలిచ్చే ఖరీదైన కోర్సుల గురించి నాది స్పష్టమైన అభిప్రాయం: పరిభాష పరిచయానికి మించి అవి ఇచ్చేది స్వల్పం. అదే కాలాన్ని 2003 నుంచి నడుస్తున్న తెలుగు వికీపీడియాలోనో, వికీ సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చే ట్రాన్స్‌లేట్‌వికీలోనో వెచ్చిస్తే, అందరూ చూడగల సాక్ష్యం మిగులుతుంది. ఒక మార్పును ప్రతిపాదించి, అభ్యంతరాలు విని, ఒప్పించి, అమలుచేసిన చర్చ అక్కడ తేదీలతో సహా నిలిచి ఉంటుంది. ఇంటర్వ్యూలో నన్ను నా సిద్ధాంతగ్రంథం గురించి ఎవరూ అడగలేదు. ‘మీరు వద్దని చెప్పిన పని ఒకటి చెప్పండి, ఎందుకు వద్దన్నారు?’ అని అడిగారు.

ఖరీదు సంగతి దాచడం న్యాయం కాదు. ముప్పై ఏడేళ్ళ వయసులో, నాకన్నా పదేళ్ళు చిన్నవారి కింద, సమీక్షకుడి జీతానికి చేరాను. పత్రాలన్నీ ఆంగ్లంలోనే రాయాలి. పరిశోధన వ్యాసాలు ఆగిపోయాయి. తిరిగి అధ్యాపక పదవికి దరఖాస్తు చేయాలంటే ఆ ఖాళీ సంవత్సరాలు నాకు అడ్డు నిలుస్తాయి. కుటుంబ బాధ్యతలున్నవారు ఉద్యోగం మానకముందే సాయంత్రాల్లో పక్కగది పని మొదలుపెట్టడం క్షేమం.

అధ్యాపకులు దీన్ని తరగతి గదిలోనే పరీక్షించవచ్చు. ఏడాదికి ఒకసారి నేను పాత మిత్రుల కళాశాలలో అతిథి ప్రసంగానికి వెళ్ళినప్పుడు ఎం.ఏ. విద్యార్థులకు ఒక అభ్యాసం ఇస్తాను. తెలుగులో ఫోన్ వాడుతున్న ఒక మనిషి పక్కన గంటసేపు కూర్చోవాలి. సాయం చేయకూడదు, దిద్దకూడదు. చూసినదాన్ని ఒక్క పుటలో రాసి, చివర ఒకే ఒక మార్పును సూచించి, మిగిలినవాటిని ఎందుకు వదిలేశారో చెప్పాలి. చాలామంది పుట దాటిపోతారు, ఐదారు మార్పులు రాస్తారు. కిందటిసారి ఒక విద్యార్థిని తన మేనమామ ఎరువుల దుకాణంలో కూర్చుని వచ్చింది. యాప్ తెరమీద ఆరు అక్షరదోషాలు గుర్తించింది. పుట చివర మాత్రం, వీటిలో ఏదీ ఇప్పుడు దిద్దనక్కరలేదు, ముందు అంకెలు పెద్దవి చేయండి అని రాసింది. మామయ్య ఆ అక్షరాలను అసలు చదవడు, కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయిన రోజున లెక్కను పక్క కొట్టు కుర్రాడి చేత చదివించుకుంటాడట.